మాయాసరోవరం చదివిన పిల్లకు ఊరు జవాబు చెప్పాలి

ఉండి, పాలకోడేరు, ఆకివీడు, కాళ్ల మండలాల పెద్దలకు, అమ్మలకు, మాస్టార్లకు, చెరువుల రైతులకు, ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ సంక్రాంతికి మాత్రం తప్పకుండా ఊరొచ్చే మన పిల్లలకు రాస్తున్న మాటలివి. తీరిక చేసుకొని చదవండి. చదివాక పక్కింటివారికి ఇవ్వండి.

మన వైపు బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వేసవి సెలవుల్లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘మాయాసరోవరం’ చదివింది. పాత చందమామల్లోంచి సీరియల్ పేజీలు విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, కాలికో అట్ట వేయించిన ప్రతి అది. ఒకప్పుడు మన ఊళ్లలో ఇలాంటి ప్రతి లేని వీధి ఉండేది కాదు. బడి తెరిచాక, చదివిన పుస్తకం మీద ప్రతిస్పందన రాసి తెమ్మన్నారు. మిగతా పిల్లలు కథను కుదించి ఒక పేజీలో పెట్టారు. ఈ అమ్మాయి రాసింది వేరు. ఆ కాగితం నా చేతికి వచ్చింది కాబట్టి అందులో మాటలు ఆమె అనుమతితో ఇక్కడ పెడుతున్నాను.

“జయశీలుడూ సిద్ధసాధకుడూ మాయాసరోవరం ఎక్కడుందో తెలియక అడవులు పట్టి తిరిగారు. మా అమ్మమ్మగారిది కొల్లేటి లంక. అక్కడికి బస్సు ఉంది. కొల్లేరు ఎక్కడుందో అందరికీ తెలుసు. కానీ నేను వెళ్లినప్పుడల్లా చెరువు గట్లే కనబడతాయి, నీళ్ల చివర కనబడదు. అమ్మమ్మ పెళ్లికి అందరూ పడవల మీద వచ్చారంట. కథలో సరస్సు మాయది కాబట్టి దొరకలేదు. మాది మాయది కాదు గదా, మరి ఎందుకు కనబడదు? ఈ పుస్తకం రాసినాయన ఉంటే అడుగుదును.”

కాగితం అడుగున ఎర్ర సిరాతో “కథాసారాంశం రాయలేదు” అని ఉంది. మార్కులు తగ్గాయి.

ఆ ఎర్ర సిరా మీద నాకు కోపం లేదని చెప్పలేను. అయితే ఆ కోపాన్ని ఒక్క పంతులుగారి మీద దింపి చేతులు దులుపుకుంటే మనం తప్పుకున్నట్టే. అరవై మంది నోటుబుక్కులు దిద్దాలి, ఫోనులో ఫొటోలు ఎక్కించాలి, మార్కులు ఆన్‌లైన్లో నింపాలి. ఆయనకు ఆ కాగితం మీద ఒక నిమిషం కూడా మిగలలేదు. పిల్ల అడిగింది ఆయన్ని కాదు కూడా. అడిగింది దాసరివారిని, ఆయన 2010 జనవరిలోనే కన్నుమూశారు. ఇక ఆ ప్రశ్నకు వారసులం మనమే.

ఆ ప్రశ్న బరువు ఎంతో చూడండి. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల పట్టికలో చేర్చారు. 2006లో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఆ తర్వాత మళ్లీ గట్లు లేచాయి. కాంటూరు ఎంత ఉండాలన్న వాదన శాసనసభ నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచింది. లంకల్లో ఉండేవాళ్ల బతుకు ఒక పక్క, ఆటపాకలో గూడు కట్టే గూడబాతులు ఒక పక్క, బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద ఒక పక్క, ఆ నీటిని సముద్రానికి మోసుకుపోలేక రొప్పే ఉప్పుటేరు ఇంకో పక్క. ఇంత చిక్కుముడిని పద్నాలుగేళ్ల పిల్ల ఒక్క వాక్యంలో పట్టుకుంది. ఆమెకు ఆ చూపు భూగోళం పాఠం ఇవ్వలేదు, పేపరు ఇవ్వలేదు. ఒక మాంత్రిక నవల ఇచ్చింది.

అందుకే “మాయలూ మంత్రాలూ చదివితే ఏమొస్తుంది, ఆ టైములో నాలుగు లెక్కలు చేసుకోవచ్చు కదా” అనే మాట మన అరుగుల మీద ఇక వినబడకూడదు. ఆ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. పిల్లలు బాగుపడాలనే అంటారు. కానీ ఆ మాట మన నేలకే పొసగదు. పాలకోడేరు మండలం కుముదవల్లిలో భూపతిరాజు తిరుపతిరాజు గారు 1897లోనే గ్రంథాలయం పెట్టారు. దానికి ‘శ్రీ వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం’ అని పేరు. అప్పటికి కందుకూరి వీరేశలింగం పంతులుగారు బతికే ఉన్నారు. వితంతు వివాహాలు చేయించినందుకు ఊళ్లకు ఊళ్లు ఆయనను వెలివేసినట్టు చూస్తున్న కాలంలో, డెల్టా పొలాల మధ్య ఒక పల్లెటూరు ఆయన పేరును తన పుస్తకాల గదికి పెట్టుకుంది. ఆ ధైర్యం మన పొరుగూరిది!

ఆ పంతులుగారు సంఘ సంస్కరణ వ్యాసాలే రాశారనుకుంటాం. ఆయన ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ కూడా రాశారు. ఇంగ్లీషులో స్విఫ్ట్ రాసిన గలివరు యాత్రలు చూసి ప్రేరణ పొంది, సత్యరాజును ఆడుమళయాళానికి పంపించారు. అక్కడ పెత్తనం ఆడవాళ్లది. మగవాళ్లు గడప దాటకూడదు, చదువుకోకూడదు. మామూలు పాఠకుడు నవ్వుకుంటూ చదివి, సగంలో ఉలిక్కిపడతాడు: ఇది మా ఇంట్లో ఆడవాళ్లకు మేము చేస్తున్నదే కదా అని. నేరుగా చెబితే తలుపు వేసుకునే ఇంట్లోకి కథ పెరటి దారిన వెళ్లి కూర్చుంటుంది. అద్భుత కథ ఎందుకు పనికొస్తుందో ఆ పెద్దాయనకు బాగా తెలుసు. కుముదవల్లి వారికీ తెలిసే ఉంటుంది.

అలాంటిదే ఇంకో పుస్తకం చూద్దాం. రాజమండ్రి మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. ‘పాతాళభైరవి’ సినిమాకు మూలం అక్కడే ఉంది. ఆ పుస్తకం మొదలయ్యే తీరు చూడండి. మణిసిద్ధుడు కాశీకి పోవాలి, తోడు కావాలి. పశువులు కాసుకునే ఒక కుర్రాడు వస్తానన్నాడు గానీ షరతు పెట్టాడు: మజిలీ మజిలీకి నాకు కథ చెప్పాలి. దారిలో ఆగిన ప్రతి ఊళ్లో వాడు వీధుల వెంట తిరిగి, ఏదో ఒక వింత చూసొచ్చి, ఇదేమిటని అడుగుతాడు. పెద్దాయన ప్రయాణ బడలికలో ఉన్నా సరే, చెప్పాల్సిందే. చెప్పకపోతే ప్రయాణం ఆగిపోతుంది. అన్ని వేల పేజీల తెలుగు అద్భుత కథా ఒక పశువుల కాపరి పిల్లవాడి ప్రశ్న మీద, దానికి బదులు చెప్పి తీరాలన్న పెద్దవాడి బాధ్యత మీద నిలబడింది. ఆ కుర్రాడికి ఎవరూ ఎర్ర సిరా పెట్టలేదు. ఈ ఒక్క సంగతీ మన బడుల్లో, ఇళ్లల్లో అందరికీ తెలియాలి.

దాసరి సుబ్రహ్మణ్యం గారి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ‘చందమామ’ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. 1954లో అందులో ‘తోకచుక్క’ వచ్చింది. కుండలినీ ద్వీపం, సమరసేనుడు, ఒంటి కన్ను ఏకాక్షి, నాలుగు కళ్ల చతుర్నేత్రుడు, నరవానరం, గుడ్లగూబ. పక్క పేజీలో చిత్రా గారి బొమ్మలు. సరిగ్గా అదే ఏడాది ఇంగ్లండులో టోల్కీన్ గారి ఉంగరాల కథ మొదటి భాగం అచ్చయింది. ఆ పెద్దమనిషి పేరు ఈరోజు ప్రపంచమంతా తెలుసు. మన దాసరివారు ‘తోకచుక్క’ నుంచి ‘భల్లూక మాంత్రికుడు’ దాకా పన్నెండు సీరియళ్లు రాస్తే, చందమామలో ఒక్కదాని కిందా ఆయన పేరు పడలేదు. నెల నెలా పోస్టు బంట్రోతు కోసం వీధి చివర కాపు కాసిన లక్షల మంది పిల్లలకు తమను అడవుల వెంట తిప్పుతున్నది ఎవరో తెలియదు. వాళ్లు పెద్దవాళ్లై, తలలు నెరిశాక గానీ చాలామందికి ఆ పేరు తెలియలేదు. తన పేరు వేయమని అడగకుండా ఆయన రాశారు. ఆయన రాసింది చదివి పిల్ల అడిగిన దానికి మనం పేరు పెట్టి జవాబు చెప్పలేమా?

చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. పుస్తకాలే లేవు కదా అంటారు కొందరు. ఉన్నాయి. అమెరికా తెలుగువారి సంఘం తానా, ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ కలిసి బాలల నవలల పోటీలు పెట్టి, ఎంపికైనవాటిని తక్కువ ధరకు అచ్చువేస్తున్నాయి. హారీ పోటర్ తెలుగులోకి వచ్చాడు. 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం తెలుగులో పి. చంద్రశేఖర్ ఆజాద్ గారి ‘మాయాలోకం’ నవలకు వచ్చింది. మన కొల్లేటి మీదే అక్కినేని కుటుంబరావు గారి ‘కొల్లేటి జాడలు’ ఉంది, పై తరగతి పిల్లలు హాయిగా చదవగలరు. కొరత పుస్తకానికి లేదు. చదివిన పిల్లను కూర్చోబెట్టి “నీకేమనిపించింది తల్లీ” అని అడిగే మనిషికి ఉంది.

ఆ మనిషి ఒక్కరు కాలేరు. ఊరే కావాలి.

మొదట గ్రంథాలయాల మాట. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. రసీదు తీసి చూడండి, ఆ గడి కనబడుతుంది. ఆ డబ్బు మనదే, పోవాల్సింది పుస్తకాలకే. పంచాయతీ వసూలు చేసినది గ్రంథాలయ సంస్థకు జమ అయిందా అని గ్రామసభలో లేచి అడగడం తగువు కాదు, హక్కు. రోడ్డు గుంతల గురించి అడిగే గొంతుతోనే ఇదీ అడగండి. ఒక్కరు అడిగితే పక్కకు పెడతారు, పాతికమంది అడిగితే దస్త్రం తీస్తారు. అలాగే వేళల సంగతి. పిల్లలు బడికి పోయే వేళకు తెరిచి, ట్యూషన్లో ఉండగా మూసే గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షల కుర్రాళ్లూ, పేపరు చదివే పెద్దలూ తప్ప ఎవరుంటారు? వాళ్లూ ఉండాలి, సంతోషం. కానీ ఆదివారం పొద్దున్న రెండు గంటలు పిల్లలవి కావాలి. సిబ్బంది చాలకపోతే రిటైరైన మాస్టార్లు మన ఊళ్లలో లేరా? తాళం తీసి కూర్చునే బాధ్యత వంతులవారీగా పంచుకోలేరా?

ఇది పెద్ద కోరికేమీ కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలోకి ఎక్కించి, కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా ఊరూరా ఆపుకుంటూ తీసుకుపోయారు. జనం పుస్తకం దగ్గరికి రాలేకపోతే, పుస్తకం జనం దగ్గరికి నీళ్ల మీద వెళ్లింది. స్వరాజ్యం లేదు, జీతాలు లేవు, గ్రాంట్లు లేవు. మనకు విజ్జేశ్వరం నుంచి కాలువలు, వాటి గట్ల వెంట తారు రోడ్లు, ఇంటింటికీ బండి, ప్రతి చేతిలో ఫోను. ఒక సంచిలో పాతిక పుస్తకాలు పెట్టుకొని వారానికో వీధికి తిప్పడానికి మనకేం అడ్డం?

మాస్టార్లకూ టీచరమ్మలకూ చేతులు జోడించి ఒక మాట. ‘చదవడం మాకిష్టం’ అని 2020లో సర్కారు బడుల్లో కార్యక్రమం పెట్టారు, మంచి పేరు. తెలుగు పరీక్షలో చదివిన పుస్తకం మీద ప్రతిస్పందనకు కొన్ని మార్కులు పెట్టిన పద్ధతీ మంచిదే. కానీ పై తరగతి పిల్లల నోటుబుక్కు కింది తరగతికి దిగి, అదే సమీక్ష అక్షరం పొల్లుపోకుండా ఏడాదికేడాది తిరుగుతున్న సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు. రచయిత పేరు, పాత్రలు, నీతి. అంతే. నీతి గడి తీసేయండి. దాని చోట “ఈ పుస్తకం చదివాక నీకు వచ్చిన ప్రశ్న” అని ఒక్క గడి పెట్టండి. తప్పొప్పులు దిద్దవద్దు. నెలకు ఒక్క కాగితం మాత్రం తరగతిలో బయటికి చదివించండి, మిగతా పిల్లలు బదులు చెప్పనివ్వండి. మీకు ఇప్పటికే ఎంత బరువుందో తెలిసే అడుగుతున్నాను. ఆ బరువులో దేన్ని తగ్గించాలో మీరు చెబితే, పై అధికారులకు అర్జీ రాయడానికి తల్లిదండ్రుల సంతకాలు మేము సేకరిస్తాం.

చెరువుల రైతు సోదరులకు వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఆ పిల్ల ప్రశ్న మీ గట్ల దగ్గరే వచ్చి ఆగింది. ఆమె మిమ్మల్ని నిందించలేదు. ఆమె నాన్న కూడా చెరువు పనే చేస్తాడు. మేత ధర, వనామీ రొయ్య కౌంటు ధర, కరెంటు బిల్లు, వైరసు భయం, లీజు గడువు వీటి మధ్య మీ నిద్ర ఎలా ఉంటుందో ఈ నేల మీద ఉన్నవాళ్లకు తెలుసు. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే, చేప పైకి తేలి నోళ్లు తెరిస్తే, ఒక్క ఫోను కాలుకు పక్క చెరువువాళ్లు జనరేటరు లాక్కొచ్చి నిలబడతారు. తెల్లారి లెక్కలు చూసుకుందామంటారు. అలా పరుగెత్తే మనుషులున్న ఊళ్లో, పిల్ల ఒక ప్రశ్నతో నోరు తెరిస్తే ఎవరూ గట్టు దిగి రాకపోవడం మీకు సబబుగా ఉందా? ఆమెను ఒక పొద్దున్న ఆటపాక తీసుకెళ్లి చూపించండి. గట్టు ఎందుకు వేశారో, వేయకముందు ఆ నేల ఎలా ఉండేదో, 2006లో ఏం జరిగిందో, ఇప్పుడు మీకేమనిపిస్తోందో దాచకుండా చెప్పండి. మన ఉండిలోనే మత్స్య పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలను బడికి పిలిచి, నీళ్ల గురించి పిల్లలు అడిగిందల్లా చెప్పమనండి. పెద్దల మధ్య తేలని తగువును పిల్లల ముందు నిజాయితీగా విప్పి చెప్పగలిగితే, రేపు ఆ తగువు తీర్చేది వాళ్లే.

లంకల్లోని అమ్మమ్మలకూ తాతగార్లకూ పని ఉంది. పడవల మీద పెళ్లివారు వచ్చిన సంగతి, పెద్దింట్లమ్మ తీర్థానికి కొల్లేటికోట వెళ్లిన సంగతి, వల వేసే చోటు ఎలా గుర్తుపట్టేవారో ఆ సంగతి ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతారు? మాయాసరోవరాన్ని దాసరివారు ఊహించి రాశారు. మీరు కళ్లారా చూసిన సరోవరం ఉంది. మనవరాలు అడిగే దాకా ఆగవద్దు.

హైదరాబాదులో, డాలసులో, మెల్‌బోర్నులో ఉన్న మన పిల్లల్లారా, గుడి గోపురానికీ సిమెంటు రోడ్డుకూ మీరు పంపిన డబ్బు ఊరు మరిచిపోలేదు. మీ ఇంటి అటక మీద, ట్రంకు పెట్టెలో, అమ్మ చీరల అడుగున చెదలకు చిక్కకుండా ఇంకా మిగిలిన చందమామలూ బాలమిత్రలూ బొమ్మరిల్లులూ ఉన్నాయి. ఈ సంక్రాంతికి కోడి పందేల బరి దగ్గరికి పోయే ముందు ఒక్క పూట నిచ్చెన వేసి అటక ఎక్కండి. దులిపి, పేజీలు సరిచూసి, గ్రంథాలయానికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు లోపలి అట్ట మీద మీ చిన్నప్పటి ప్రశ్న ఒకటి రాసి ఇవ్వండి. ఆ పుస్తకం తీసుకున్న పిల్లకు తన కన్నా ముందు ఇదే ఊళ్లో ఒకరు ఇదే పేజీ దగ్గర ఆగారని తెలియాలి.

ఇక పిల్లలారా, మీతో నేరుగా. మీరు చదివింది జానపదమైనా, మాంత్రికమైనా, ఇంగ్లీషు డ్రాగన్లదైనా, మీకు తోచింది తోచినట్టు రాయండి. కథాసారాంశం గైడులో దొరుకుతుంది, మీ అనుమానం మీ దగ్గరే దొరుకుతుంది. ఏకాక్షి గెలవాలనిపిస్తే అదే రాయండి. రాకుమారి ఎందుకు ఊరికే ఎదురుచూస్తూ కూర్చుందని కోపం వస్తే ఆ కోపం రాయండి. మార్కులు తగ్గితే ఆ కాగితం గ్రంథాలయానికి తీసుకురండి. అక్కడ దాన్ని గోడకు అంటిస్తాం.

నవంబరు 14 నుంచి 20 దాకా ఏటా గ్రంథాలయ వారోత్సవాలు. పూలదండ, ఉపన్యాసం, వ్యాసరచన పోటీ, బహుమతిగా స్టీలు గిన్నెతో ప్రతి ఏడూ గడిచిపోతున్నాయి. ఈసారి వారోత్సవాల్లో ఒక సాయంత్రం మైకు పెద్దల చేతికి వద్దు. పిల్లలు ఒక్కొక్కరే లేచి తాము చదివిన నవల గురించి, దాని నుంచి పుట్టిన ప్రశ్న గురించి మాట్లాడాలి. సర్పంచి గారు, ఎంఈవో గారు, చెరువుల సంఘం వారు, డ్వాక్రా అక్కచెల్లెళ్లు, గుడి కమిటీ, చర్చి పెద్దలు, మసీదు పెద్దలు ముందు వరసలో కూర్చోవాలి. మొదట లేచేది కొల్లేరు ఎందుకు కనబడదని అడిగిన ఆ అమ్మాయి. ఆమె అడిగాక జవాబు చెప్పడానికి మనలో కనీసం ముగ్గురు సిద్ధపడి రావాలి: నీటి సంగతి తెలిసినవారు ఒకరు, గట్టు కట్టినవారు ఒకరు, ఆ సరస్సు మీద పడవలో పెళ్లికి వెళ్లినవారు ఒకరు. ఎవరెవరో ఈ ఆదివారమే అరుగు మీద కూర్చొని తేల్చుకోండి. పేర్లు రాసి గ్రంథాలయంలో ఇవ్వండి.